ఎదురింటి అత్త, తాళం తప్పిన పెట్టె

ఎదురింటి అత్త పోయిన గురువారం సాయంత్రం చనిపోయింది. ఆ కబురు వచ్చేసరికి నేను విల్లియనూరులో పిల్లలకు తాళం చెబుతున్నాను. ఫోను చేసింది అత్త వదిన. "పోయిందబ్బా. కాపీ తాగి, కొంచేపు పడుకుంటా అనింది. అంతే" అంది. నేను సరే అన్నాను. పిల్లలు ఆవర్తనం మధ్యలో ఉన్నారు. అది పూర్తయ్యేదాకా ఆగి, ఇవాళ్టికి ఇంటికి వెళ్లమని చెప్పి బస్సెక్కాను.

అత్త అంటున్నానే గాని మాకు చుట్టరికమేమీ లేదు. కదిర్కామంలో మా ఇంటికి ఎదురిల్లు వాళ్లది. ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "టైం దొరకలేదు" అనేది. ఆ మాటలో బాధా ఉండేది కాదు, గొప్పా ఉండేది కాదు. అన్నగారి ఇంట్లో మేడ మీది గది ఆమెది. కింద వదిన వంట వాసన, పైన సోల్డరింగు వాసన. మెట్ల మధ్యలో నిలబడితే రెండూ కలిసి వచ్చేవి.

రిటైరయిన కొత్తలో వీధిలోవాళ్లంతా పాడైపోయిన మిక్సీలూ ఇస్త్రీపెట్టెలూ పట్టుకుని ఆమె దగ్గరకు వచ్చారు. అందరినీ వెనక్కి పంపేసింది. "నేను పాఠం చెప్పినదాన్ని. మిక్సీ బాగుచేసేవాడు మూల మీద ఉండాడు, వాడికీ ఇల్లు జరగాల గదా" అనేది. మా అమ్మ మిక్సీ మాత్రం రెండుసార్లు బాగుచేసింది. అది కూడా, మా అమ్మ పచ్చడి రుబ్బకపోతే తనకు పచ్చడి రాదని.

మా ఇళ్లలో మాట్లాడేది తెలుగే అయినా, బళ్లో చదివింది అరవం కాబట్టి తెలుగు చదవడం చాలామందికి రాదు. అత్తకూ రాదు. నేను కీర్తనల సాహిత్యం కోసం నేర్చుకున్నాను. నా పుస్తకం ఒకసారి తిరగేసి, "ఏందిరా ఇది, పేజీ నిండా జాంగిరీలు చుట్టి పెట్టినావు" అంది. ఇప్పుడు ఆమె గురించి రాస్తున్నదీ ఆ జాంగిరీలతోనే. బతికుంటే చదివి వినిపించమనేది, మధ్యలో నాలుగు చోట్ల తప్పు పట్టేది.

నేను మృదంగం వాయించేవాణ్ని. పెద్ద కచేరీలు కావు. నాట్యం కార్యక్రమాలు, పెళ్లిళ్లు, గుళ్లో ఉత్సవాలు. ఒక వానాకాలం విల్లియనూరు రోడ్డులో స్కూటరు జారి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గాని చెయ్యి బిగుసుకుపోయింది. చూపుడు వేలికి బలం పోయింది. మృదంగం మూత మీద చెయ్యి వేస్తే పలకవలసిన నాదం పలికేది కాదు, చెక్క మీద కొట్టినట్టు టప్పుమనేది. ఏడాది ప్రయత్నించాను. తర్వాత మృదంగాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి, బజారులో మా నాయన పాత్రల అంగట్లో కూర్చున్నాను. ఎవరైనా పాట పెడితే లేచి వేరే గదిలోకి వెళ్లేవాణ్ని. ఇంట్లోవాళ్లు గమనించి పాటలు పెట్టడం మానేశారు. అది ఇంకా కష్టంగా ఉండేది.

అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం అత్త మేడ మీద నుంచి కేకేసింది. "రేయ్, సుమ్మా కూచోని ఉండావు గదా! పైకి రా, ఒక చెవి కావాల!" సుమ్మా అంటే మా ఊరి మాటలో ఊరికే అని.

వెళ్లాను. బల్ల మీద పెద్ద సూట్‌కేసంత చెక్క పెట్టె ఉంది. ముందు వైపు నిండా మరలు, చిన్న చిన్న దీపాలు, రంధ్రాలు. ఆ రంధ్రాల్లోంచి రంగురంగుల తీగలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి వేలాడుతున్నాయి. సముద్రం వైపు వీధిలో అద్దెకుండిన ఒక ఫ్రెంచి సంగీతకారుడిది ఆ పెట్టె. ఉప్పుగాలికి లోపలంతా చిలుము పట్టి మూగబోతే, ఎవరో చెప్పగా అత్త దగ్గరకు తెచ్చాడట. అది బాగయ్యేలోపల అతని తల్లికి ఒంట్లో బాగాలేదని ఊరు వెళ్లిపోవలసి వచ్చింది. వెళ్తూ వెళ్తూ, నీ దగ్గరే ఉంచుకో, పలికితే చాలు అన్నాడట. దాని పేరు మాడ్యులర్ సింథసైజర్ అని అత్త చెప్పింది. ఒక్కో పలక ఒక్కో పని చేస్తుంది. ఒకటి శబ్దం పుట్టిస్తుంది, ఒకటి దాన్ని వంచుతుంది, ఒకటి ఆపుతుంది. వాటిని తీగలతో ఎలా కలిపితే అలా పలుకుతుంది.

"ఇది క్లాకు" అని ఒక దీపాన్ని చూపించింది. అది టకటకా వెలిగి ఆరుతోంది. "సుమ్మా తట్టతా ఉంటాది. ఇవి రెండూ డివైడర్లు. నేను చేసినవి. ఇది ఏడు తట్లకు ఒకసారి పలకాల. అది నాలుగింటికి ఒకసారి. విను."

విన్నాను. ఏడింటికి ఒకసారి దుమ్ మనే లావుపాటి శబ్దం. నాలుగింటికి ఒకసారి గంట మోగినట్టు సన్నగా. నాకు తెలియకుండానే ఎడమచెయ్యి మోకాలి మీదకు వెళ్లింది. చాలా నెలల తర్వాత.

"ఆపి మళ్లీ మొదలుపెట్టత్తా" అన్నాను.

మొదలుపెట్టింది. ఈసారి గంట వేరే చోట పడింది.

"ఇంకొక తడవ."

మళ్లీ వేరే చోట.

"మొదలు యాడత్తా దీనికి?" అని అడిగాను. "దుమ్ము ఒకచోట, గంట ఒకచోట. ఒక్కోసారి ఒక్కో రకం. సమం లేదు."

"సమం అంటే?"

"తాళానికి మొదటి దెబ్బ. అందరూ ఎన్ని లెక్కలు వేసినా అక్కడికి వచ్చి కలవాల."

అత్త కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "సరిపోయింది. అది నాకు తెలీదు. నీకు సర్క్యూటు తెలీదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి" అంది.

ఆ పెట్టె ఆమెకు ఊరికే కాలక్షేపం కాదని అప్పుడు చెప్పింది. మా ఊళ్లో ఒక నాట్యం టీచరమ్మ ఉంది. ఆమె తండ్రి బట్టల మిల్లులో పనిచేసి పోయాడు. ఆ మిల్లు మనుషుల మీద ఒక నృత్యం తయారుచేస్తోంది. మగ్గాల మోత కావాలి, కానీ తాళంలో ఉండాలి. మృదంగం వద్దు, ఆ మోతే కావాలి అంది. అత్త ఒప్పేసుకుంది. తాళం మిశ్రచాపు, అంటే ఏడు తట్లు. అందుకే ఆ ఏడు తట్ల డివైడరు.

ఆ రోజు నుంచి ఆదివారాలు, తర్వాత అంగడి కట్టేసిన సాయంత్రాలు కూడా, నేను మేడ మీదే ఉండేవాణ్ని.

అత్త వివరించిన పద్ధతి ఇప్పటికీ గుర్తుంది. డివైడరు అంటే వేళ్లు మడుస్తూ లెక్కపెట్టే మనిషి లాంటిది. ఆపేస్తే ఎక్కడ మడిచాడో అక్కడే ఉండిపోతాడు. మళ్లీ తట్టు వస్తే అక్కడి నుంచే సాగిస్తాడు. ఏడు లెక్కపెట్టేవాడు మూడు దగ్గర, నాలుగు లెక్కపెట్టేవాడు రెండు దగ్గర ఉండిపోయి ఉంటే ఇద్దరికీ మొదలు ఎక్కడ కుదురుతుంది? అందరి వేళ్లూ ఒక్కసారి తెరిపించాలి. దానికి ఒక తీగ ఉంటుంది, రీసెట్ అంటారు. అత్త రెండు డివైడర్ల రీసెట్లనూ ఒకే తీగకు కలిపి, ఒక ఎర్ర బొత్తాం పెట్టింది. బొత్తాం నొక్కితే రీసెట్టు, దానితోపాటు క్లాకు మొదటి తట్టు, రెండూ ఒకేసారి బయల్దేరతాయి.

అయినా కుదరలేదు. కొన్నిసార్లు సరిగ్గా వచ్చేది, కొన్నిసార్లు గంట ఒక తట్టు వెనకబడేది. నేను తప్పిందని చెప్పడం, ఆమె మీటరు పట్టుకుని సరిగ్గానే ఉందనడం. రెండు వారాలు అదే గొడవ. ఒకరోజు నేను విసుగెత్తి, "ఈ పెట్టెకు శని పట్టింది" అన్నాను.

"ముందు కరెంటు వస్తా ఉండాదా చూడు. తర్వాత దేవుడ్ని తిట్టుకోవచ్చు" అంది. ఈ మాట ఆమె పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు వాడిందని తర్వాత ఆమె దగ్గర చదివినవాళ్లు చెప్పారు.

తప్పు ఆమే పట్టుకుంది, అదీ పెట్టె ముందు కూర్చుని కాదు. మేం ఇద్దరం మార్కెట్టుకు వెళ్లాం. బస్సు ఆగగానే దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకేసారి మీదపడ్డారు. కొందరు దిగారు, కొందరు లోపలే చిక్కుకుపోయారు. అత్త రోడ్డు మీద నిలబడిపోయి, "రేయ్, ఇదే" అంది. నాకేమీ అర్థం కాలేదు. కూరగాయలు కొనకుండా వచ్చిన బస్సులోనే వెనక్కి వచ్చాం.

సంగతేమిటంటే రీసెట్టూ తట్టూ ఒకే క్షణంలో వస్తే, ఒక డివైడరు ముందు వేళ్లు తెరిచి ఆ తర్వాత ఆ తట్టును ఒకటిగా లెక్కపెడుతోంది. ఇంకొకటి తట్టును ముందు లెక్కపెట్టేసి, ఆ తర్వాత వేళ్లు తెరిచి, ఆ తట్టును పోగొట్టుకుంటోంది. ఏది ముందు అన్నది ఏ రోజుకారోజు మారుతోంది. అత్త క్లాకు దారిలో ఒక చిన్న రెసిస్టరూ కెపాసిటరూ పెట్టి తట్టును రవ్వంత ఆలస్యం చేసింది. చెవికి తెలిసేంత కాదు. ఇప్పుడు రీసెట్టు ముందు వచ్చి అందరి వేళ్లూ తెరిపిస్తుంది. ఆ తర్వాత తట్టు వస్తుంది. అందరూ కలిసి ఒకటి అంటారు.

గంట ఇక వెనకబడలేదు. కానీ ఇంకో చిక్కు మిగిలింది. దుమ్ మనే శబ్దం ఏడో తట్టు మీద, గంట నాలుగో తట్టు మీద పడుతున్నాయి, ఒకటో తట్టు మీద కాదు.

"ఏడు లెక్కపెట్టినాకే గదా ఏడయిందని చెప్పేది?" అంది అత్త. "లెక్కపెట్టకుండా ఎట్ల చెప్తాదిరా?"

"తాళం అట్ల కాదత్తా. చప్పట్టుతోనే మొదలు. కొట్టినాక లెక్క నడస్తాది. నువ్వు చేసింది ఎట్లుందంటే, అందరూ తిని లేచినాక ఆకేసినట్ల."

పడీపడీ నవ్వింది. నవ్వాక వాదించింది. "సున్నా లేకుండా ఒకటి యాడ్నించి వస్తాది?" అని అడిగింది. నేను చేత్తో మిశ్రచాపు వేసి చూపించాను, తకిట తకధిమి అని నోటితో చెబుతూ. ఆమె నా చేతినే చూస్తూ కూర్చుంది. బిగుసుకుపోయిన కుడిచెయ్యిని అలా జాలి లేకుండా చూసినవాళ్లు ఆ రోజుల్లో ఇంకెవరూ లేరు. తర్వాత సోల్డరింగు ఐరన్ వేడిచేసి, రెండు డివైడర్ల చిప్పుల్లోనూ సున్నా కాలికి ఉన్న తీగను ఊడదీసి పక్కనున్న ఒకటి కాలికి అతికించింది. బొత్తాం నొక్కింది. దుమ్మూ గంటా కలిసి పడ్డాయి. ఏడుకూ నాలుగుకూ ఎవరి దారి వాళ్లది, అయినా ఇరవై ఎనిమిది తట్లు గడవగానే మళ్లీ ఇద్దరూ కలిసి పడ్డారు. మళ్లీ కలిశారు. మళ్లీ.

"ఇదేనా నీ సమం?" అంది.

"ఇదే."

"బాగుండాది" అంది. కిందకు వెళ్లి ఇద్దరికీ కాపీ తెచ్చింది. ఆమె కాపీలో చక్కెర ఎక్కువ, ఎన్నిసార్లు చెప్పినా తగ్గించేది కాదు.

నృత్యం ఒక ఎండాకాలం సాయంత్రం, ఊళ్లో ఒక చిన్న హాల్లో. మా నాయన కూడా అంగడి ముందే కట్టేసి వచ్చాడు. వేదిక పక్కన బల్ల మీద పెట్టె, దాని వెనక నేను, నా పక్కన అత్త. టీచరమ్మ తాళాలు పట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఆరుగురు అమ్మాయిలు మగ్గాల వరుసలా నిలబడ్డారు. నేను బొత్తాం నొక్కాను. దుమ్మూ గంటా కలిసి పడ్డాయి, అమ్మాయిల పాదాలూ వాటితోపాటే పడ్డాయి. వెనక వరుసలో మిల్లులో పనిచేసిన ముసలివాళ్లు కొందరున్నారు. మోత వినగానే వాళ్లు నిటారుగా కూర్చున్నారు.

సగం అయ్యాక కరెంటు పోయింది.

పెట్టె చచ్చిపోయింది. కిటికీల్లోంచి ఇంకా వెలుతురు వస్తోంది. అమ్మాయిలు ఆగలేదు. టీచరమ్మ తాళాలు గట్టిగా వాయిస్తూ నోటితో చెబుతూ వాళ్లను నడిపించింది. నేను మాత్రం ఆగిపోయాను. నా చేతులు బొత్తాల మీద ఉన్నాయి, నా మనసు రోడ్డు మీద పడిన రోజుకు వెళ్లిపోయింది. మళ్లీ పోయింది, నా చేతికి వచ్చినదల్లా ఇలాగే పోతుంది అనుకున్నాను. లెక్క తప్పిపోయింది.

కరెంటు వచ్చింది. డివైడర్లు ఎక్కడ మేలుకుంటాయో వాటికే తెలియదు. కానీ మోత బయటకు రాలేదు, ఎందుకంటే కరెంటు పోయిన క్షణంలోనే అత్త శబ్దం మర సున్నాకు తిప్పేసి ఉంచింది. నేనామె వైపు చూశాను. ఆమె పెట్టెను చూడటం లేదు. అమ్మాయిల పాదాలను చూస్తూ, మోకాలి మీద వేలితో లెక్కపెడుతోంది. తాళం రాదన్న మనిషి.

"ఇప్పుడు!" అంది.

నొక్కాను. ఆమె శబ్దం పెంచింది. ఒక తట్టు ఆలస్యం. పెట్టె ఒకటి అనేసరికి అమ్మాయిలు రెండులో ఉన్నారు. ఒక అమ్మాయి తడబడింది. టీచరమ్మ తాళాలు ఆపకుండానే మా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. అత్త వెంటనే శబ్దం తగ్గించి, "తప్పు నాది. మళ్లీ నొక్కు. ఎన్ని తడవలు నొక్కినా దానికి కోపం రాదు" అంది.

అప్పుడు నోరు తెరిచాను. ఎవరూ చెప్పమనలేదు. తకిట తకధిమి అని గట్టిగా, హాలంతా వినపడేలా, టీచరమ్మ తాళంతో కలిసి చెప్పడం మొదలుపెట్టాను. ఒక ఆవర్తనం, ఇంకొకటి. అమ్మాయిల పాదాలు నా మాట మీద కుదురుకున్నాయి. మూడో ఆవర్తనం ఒకటి మీద కుడిచేతి బొటనవేలితో బొత్తాం నొక్కాను. దుమ్ము, గంట, పాదాలు, తాళాలు, నా గొంతు, అన్నీ ఒకచోట పడ్డాయి. కరెంటు మళ్లీ పోలేదు. చివర్న ముసలివాళ్లు చప్పట్లు కొట్టలేదు, లేచి నిలబడ్డారు.

టీచరమ్మ చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ మా దగ్గరకు వచ్చింది. "ఇంత గొంతు పెట్టుకోని పాత్రలు అమ్ముతా ఉండావా? చెయ్యి లేకపోతే పోనీ. సోమవారం వచ్చి నా పిల్లలకు జతులు చెప్పు" అంది. మా నాయన పక్కనే ఉన్నాడు. నేను ఆయన ముఖం చూశాను. "వస్తాడమ్మా" అన్నాడాయన, నేను నోరు తెరిచేలోపలే.

నా చెయ్యి బాగుపడలేదు. చూపుడు వేలు ఇవాళ్టికీ అంతే. పొద్దున అంగట్లో, సాయంత్రం జతులు చెబుతూ, వారానికి రెండు రోజులు విల్లియనూరులో, ఒకరోజు ఏంబలంలో పిల్లలకు లయ నేర్పుతూ గడుస్తోంది. కచేరీల్లో నోటితో కొన్నక్కోలు చెప్పడానికి పిలుస్తారు. వాయించడం పోయిన దిగులు పూర్తిగా పోలేదు, పోవాలని కూడా నేను అనుకోవడం లేదు.

ఆ సాయంత్రం ఒక తట్టు ఎందుకు తప్పిందో అత్త ఎన్నడూ పూర్తిగా ఒప్పుకోలేదు. తప్పు నాది అన్న మనిషే, ఇంటికి వచ్చే దారిలో ఆటోలో, "నేను సున్నా నుంచి లెక్క పెట్టినా. మీరు ఒకటి నుంచి పెడతారు. అది మీ తప్పు" అంది. ఆ వాదన అప్పటి నుంచి ఏళ్ల తరబడి సాగింది. పండక్కి బొబ్బట్లు పంపిస్తే గిన్నె మీద మూత తీసి, "సున్నా, ఒకటి, రెండు, మూడు. నాలుగు పంపినావు, మూడే ఉండాయి" అనేది.

ఆమెకు సంగీతం మీద ప్రేమ పుట్టిందని చెబితే అబద్ధం. కచేరీలకు పిలిస్తే నిద్ర వస్తుందనేది. లెక్క ఎక్కడ కలుస్తుందో చూడటమే ఆమెకు ఇష్టం. కానీ నా కార్యక్రమం ఏది ఉన్నా వచ్చి ముందు వరుసలో కూర్చునేది, కళ్లు మూసుకుని. నిద్రపోతోందనుకునేవాణ్ని. ఆవర్తనం పూర్తయిన ప్రతిసారీ ఆమె కాలి బొటనవేలు కదిలేది. అది చూశాక ఇక ఆమె కళ్లు మూసుకున్నా పట్టించుకోలేదు.

చివరి రెండేళ్లు కంటిచూపు తగ్గింది, చెయ్యి వణికింది. సోల్డరింగు మానేసింది. పెట్టెను టీచరమ్మ నాట్యశాలకు ఇచ్చేసింది. అక్కడ దాన్ని ఇప్పుడు ఇద్దరమ్మాయిలు నడుపుతున్నారు. ఇచ్చేటప్పుడు అత్త వాళ్లతో అన్నది ఒక్కటే: "తెరిచి చూడండి. భయపడద్దు. కాల్తే చిప్పు కాల్తాది, మీరు కాలరు."

నేనామెను ఆఖరిసారి బయటకు తీసుకెళ్లింది పోయిన నెల. ఆసుపత్రిలో చూపించుకుని ఆటోలో వస్తున్నాం. మా వీధి మూలకు రాగానే ఆపమంది. దిగి, బడ్డీకొట్టు దగ్గర గులాబీ వాసన వేసే పన్నీరు సోడా అడిగింది. డాక్టరు వద్దన్నాడు గదా అన్నాను. "డాక్టరు చెప్పింది నీకు వినపడింది, నాకు వినపడలేదు" అంది. సందు ఇరుకు. ఆటో వెనక టౌను బస్సు వచ్చి ఆగి హారను కొట్టడం మొదలుపెట్టింది. నేను తొందరపెట్టాను. అత్త ఒక చేత్తో సీసా ఎత్తి తాగుతూనే, తిరిగి చూడకుండా రెండో చెయ్యి చాచి బస్సుకు అరచెయ్యి చూపించింది. గ్యాసు ముక్కుకెక్కి కళ్ల వెంట నీళ్లు కారాయి, నవ్వు వచ్చింది, మళ్లీ తాగింది. డ్రైవరు హారను ఆపేశాడు. ఇంజను కూడా ఆపేశాడు. బస్సులోవాళ్లంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, సన్నగా, వంగిపోయిన ఒక ముసలామె గులాబీరంగు సోడా చివరి గుక్క దాకా తాగడం చూస్తూ ఉండిపోయారు.